కట్టని ఓడలు, ఎగరని విమానాలు

డ్రాయింగు బల్ల ముందు జీవితమంతా గడిపిన ఒక ఇంజనీరు పేరున ఏర్పడిన వేదిక ఇది. అందుకే ఆ బల్ల దాటి బయటికి రాని యంత్రాల గురించి మాట్లాడదలిచాను. ఉదాహరణలన్నీ దాదాపు బ్రిటన్‌వే. యుద్ధనౌకలను, యుద్ధవిమానాలను అంత విస్తారంగా ఊహించి, గీసి, లెక్కగట్టి, చివరికి వద్దనుకుని, ఆ కాగితాలను మాత్రం భద్రంగా దాచిన దేశాలు తక్కువ. ఈ రద్దుల చుట్టూ అక్కడ పెద్ద శోకసాహిత్యమే పెరిగింది. 1975లో డెరెక్ వుడ్ రాసిన ‘ప్రాజెక్ట్ క్యాన్సిల్డ్’ అందులో పేరెన్నికగన్నది. ఆ ధోరణిలో కథ ఎప్పుడూ ఒకలాగే సాగుతుంది: ఇంజనీర్లు ప్రపంచంలో ఎవరికీ లేని యంత్రాన్ని తయారుచేయబోయారు, మంత్రులూ ఖజానా అధికారులూ దాని గొంతు నులిమారు. నా వాదన వేరు. ప్రతి డిజైనూ ఎవరో వేసిన ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్న పోయాక జవాబు ఎంత గొప్పదైనా నిలవదు. కాబట్టి ఒక రద్దును నష్టంగా లెక్కించాలంటే, ఆ రోజుకు ప్రశ్న ఇంకా బతికే ఉందని చూపించాలి. ఈ పరీక్ష పెడితే బాగా ప్రసిద్ధికెక్కిన శోకాలు చాలావరకు నిలబడవు. అంతగా పేరు లేని ఒకటి రెండు మాత్రం నిలుస్తాయి, అవి నిజంగానే బాధ కలిగిస్తాయి.

ముందుగా ఒక హెచ్చరిక. కాగితం మీది విమానం బరువు పెరగదు, దాని ఇంజను పేలదు, చక్రాలు అదరవు. కట్టిన యంత్రానికి ఈ బాధలన్నీ తప్పవు. అందువల్ల కట్టినదాన్నీ కట్టనిదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడల్లా కట్టనిదే గెలుస్తుంది, అది న్యాయమైన గెలుపు అనిపించుకోదు. గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం వారి సేకరణలో ‘షిప్స్ కవర్స్’ అనే దస్త్రాలున్నాయి. ఒక్కో నౌక డిజైనుకు సంబంధించిన బరువుల లెక్కలు, శాఖల మధ్య నడిచిన ఉత్తరాలు, ఉన్నతాధికారుల అభ్యంతరాలు వాటిలో కూర్చి ఉంటాయి. ఒకే ఓడ అక్కడ ఎన్నో రూపాలు మారుతుంది. ఫిరంగి పెద్దదైతే కవచం పలచబడుతుంది, కవచం మందమైతే వేగం తగ్గుతుంది, మూడూ కావాలంటే రేవులోని డాక్ చాలదు. ఆ లెక్కల్లో తలమునకలైన మనుషుల్ని చూసిన తరువాత, చిత్రకారుడు రంగులద్దిన ‘ఇలా ఉండేది’ బొమ్మను అంత తేలిగ్గా నమ్మబుద్ధి కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే బ్రిటిష్ నౌకాదళం వేసుకున్న జీ3 బ్యాటిల్ క్రూయిజర్ల సంగతి చూడండి. అక్షరమాలలో కె దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తూ ఒక్కో రూపానికి ఒక్కో అక్షరం ఇచ్చుకుంటూ పోయారు, జీ దగ్గర ఒప్పందం కుదిరింది. పక్కన ఉన్న 3, మూడేసి ఫిరంగులున్న బురుజులకు గుర్తు. 48,400 టన్నుల బరువు, తొమ్మిది 16 అంగుళాల ఫిరంగులు, 30 నాట్లు దాటే వేగం. 1921 అక్టోబరులో నాలుగింటికి ఆర్డరిచ్చారు. నవంబరులో నౌకాదళాల పరిమితి మీద వాషింగ్టన్ సమావేశం మొదలైంది, పని ఆగింది. 1922 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది, ఆర్డర్లు రద్దయ్యాయి. ఈ ఓడలు వేసుకున్నది అమెరికా, జపాన్ కడుతున్న పెద్ద నౌకలకు జవాబుగా. ఆ రెండు దేశాలూ తమవి ఆపేశాక బ్రిటన్ ఎవరికి జవాబు చెప్పాలి? అయినా కొందరు చరిత్రాభిమానులు 1941 మేలో బ్రిటిష్ బ్యాటిల్ క్రూయిజర్ హుడ్ మునిగిన సంగతి చెప్పి, అక్కడ జీ3 ఉంటే గతి వేరుగా ఉండేదంటారు. ఇది చదరంగంలో మన పావు ఒక్కటే మార్చి, ఎదుటివాడి పావుల్ని ఉన్నచోటే ఉంచి ఆట తిరగాడినట్టు. బ్రిటన్ కట్టుకుంటే అమెరికా తన పదహారంగుళాల నౌకల వరుసను పూర్తిచేసేది, జపాన్ తనవి పూర్తిచేసేది. అప్పుడు 1941 నాటి సముద్రం మనకు తెలిసిన సముద్రంలా ఉండేది కాదు. పైగా ఆ డిజైను ఉత్తినే పోలేదు. ఫిరంగులన్నీ ముందువైపే ఉండే అమరికా, ఆ పదహారంగుళాల ఫిరంగులూ ఒప్పందం విధించిన 35,000 టన్నుల పరిమితిలోకి కుదించుకుని నెల్సన్, రోడ్నీ నౌకలయ్యాయి. వేగం 23 నాట్లకు పడిపోయింది. 1941 మే 27న జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ను ఛిద్రం చేసిన నౌకల్లో ఆ రోడ్నీ ఒకటి.

ప్రశ్న పోవడమంటే ఏమిటో స్పష్టంగా చూపించే ఉదాహరణ హబక్కుక్. జెఫ్రీ పైక్ అనే ఆలోచనాపరుడు మౌంట్‌బాటెన్ అండతో ప్రతిపాదించిన మంచు విమానవాహక నౌక అది. అట్లాంటిక్ నడుమ తీరంలోని విమానాలు చేరలేని మేర ఒకటుండేది, జర్మన్ జలాంతర్గాములు అక్కడ సరుకు నౌకల్ని వేటాడేవి. అక్కడే తేలే ఒక విమానాశ్రయం ఉంటే బాగుండునన్నది ఆలోచన. చెక్కపొట్టు సుమారు 14 వంతులు, నీరు 86 వంతులు కలిపి గడ్డకట్టిస్తే మామూలు మంచు కంటే ఎంతో గట్టిగా ఉండి, నెమ్మదిగా కరిగే పదార్థం వస్తుంది. తరువాత నోబెల్ బహుమతి అందుకున్న మాక్స్ పెరూట్జ్, లండన్ స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ కింది శీతల గదిలో దాని మీద పరీక్షలు చేశారు. 1943లో కెనడాలోని పెట్రీషియా సరస్సు మీద 18 మీటర్ల నమూనా కట్టి చూశారు. అసలు నౌక 600 మీటర్ల పొడవు ఉండాలన్నది ఉద్దేశం. దీన్ని పిచ్చి ఊహగా కొట్టిపారేయడం అలవాటైపోయింది, అది అన్యాయం. 1943 మొదట్లో ఆ ప్రశ్న ప్రాణాలతో ముడిపడినది. ఆ ఏడాదిలోనే దూరం వెళ్లగల లిబరేటర్ విమానాలు చాలినన్ని వచ్చాయి, చిన్న ఎస్కార్ట్ వాహక నౌకలు వచ్చాయి, పోర్చుగల్ తన అజోర్స్ దీవుల్ని వాడుకోనిచ్చింది. ఆ ఖాళీ పూడిపోయింది. మంచు నౌకను ఎవరూ ఓడించలేదు, దాని పని ఇతరులు ముందే చేసేశారు.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే పేరు. టీఎస్ఆర్-2. కాన్‌బెర్రా బాంబర్ల స్థానంలో నేలకు ఆనుకున్నట్టు ఎగురుతూ శత్రు రాడార్‌కు చిక్కకుండా వెయ్యి నాటికల్ మైళ్ల దూరం వెళ్లి దాడిచేయగల, ఎత్తులో ధ్వనికి రెండింతల వేగం అందుకోగల, పొట్టి రన్‌వేల మీద నుంచి లేవగల విమానం కావాలని 1957లో వైమానిక దళం కోరింది. 1959 తొలిరోజున పని వికర్స్, ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీలకు కలిపి అప్పగించారు. ఒక విమానం ఇన్ని పనులు చేయాలన్న కోరికలోనే ప్రమాదం ఉంది. 1962 డిసెంబరులో పరీక్షకు వల్కన్ బాంబరు కింద అమర్చిన ఒలింపస్ ఇంజను నేల మీదే పేలి ఆ వల్కన్‌ను కాల్చేసింది. 1964 సెప్టెంబరు 27న బోస్కోంబ్ డౌన్‌లో రోలండ్ బీమాంట్ తొలిసారి ఎగిరించినప్పుడు చక్రాలు లోపలికి ముడవకుండానే ఎగిరారు. చక్రాల అదురు ఆ తరువాత కూడా చాలాకాలం వేధించింది. ఎగిరింది ఒకే ఒక్క విమానం, 24 సార్లు. బీమాంట్‌తో సహా నడిపినవాళ్లంతా దాని నడకను మెచ్చుకున్నారు, ఆ మెప్పును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1965 ఏప్రిల్ 6న ఆర్థికమంత్రి కాలహాన్ బడ్జెట్ ప్రసంగంలో రద్దు ప్రకటించారు. ఖర్చు అప్పటికే తొలి అంచనాలకు అనేక రెట్లయింది. విదేశీ కొనుగోలుదారుగా ఆశపెట్టుకున్న ఆస్ట్రేలియా 1963లోనే అమెరికన్ ఎఫ్-111 వైపు వెళ్లిపోయింది. తరువాత మూసల్ని ధ్వంసం చేశారు, ఎగిరిన ఆ ఒక్క విమానాన్నీ షూబరీనెస్‌లో గుళ్లదెబ్బల పరీక్షకు పెట్టారు. శోకానికి అసలు మూలం అక్కడే ఉందని నాకనిపిస్తుంది. రద్దును తర్కంతో సమర్థించవచ్చు, ఆ ధ్వంసాన్ని సమర్థించడం నా వల్ల కాదు.

ఇక్కడ నా వాదనకు బలమైన ఎదురుప్రశ్న ఒకటుంది. ప్రశ్న పోయిందని తేల్చేది రద్దుచేసిన ప్రభుత్వమే అయితే, దాని మాటే దానికి సాక్ష్యమవుతుంది కదా? నిజమే. అందుకే ప్రభుత్వం చెప్పిన మాట పక్కనపెట్టి, రద్దు తరువాత అదే పని కోసం అది డబ్బు ఎక్కడ పెట్టిందో చూడాలి. టీఎస్ఆర్-2 విషయంలో ఆ డబ్బు కొంతకాలం నాకు వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతుంది. ఆ పని కోసమే బ్రిటన్ 50 ఎఫ్-111 విమానాలు కొనడానికి సిద్ధపడింది, అంటే 1965లో ప్రశ్న బతికే ఉంది. కానీ 1967 నవంబరులో పౌండు విలువ తగ్గించాల్సి వచ్చింది. 1968 జనవరిలో సూయజ్ కాలువకు తూర్పునున్న సైన్యాలను 1971 చివరికల్లా వెనక్కి పిలుస్తామని ప్రధానమంత్రి విల్సన్ ప్రకటించారు, అదే ఊపులో ఎఫ్-111ల ఆర్డరూ పోయింది. సింగపూర్ నుంచో ఏడెన్ నుంచో దూరాలు దాటి దాడిచేయాల్సిన అవసరం తీరిపోయింది. మిగిలిన సగం, ఐరోపాలో తక్కువ ఎత్తున చొరబడే పని, చిన్నది. దాన్ని మొదట నౌకాదళం కోసం పుట్టిన బుకనీర్, ఆ తరువాత జర్మనీ, ఇటలీలతో కలిసి కట్టిన టోర్నడో చేశాయి. బుకనీర్లు 1991 గల్ఫ్ యుద్ధం దాకా పనిచేశాయి. టీఎస్ఆర్-2 నిలిచి ఉంటే, దాని అసలైన పెద్ద పని దాటిపోయిన సమయానికే అది దళాల్లోకి వచ్చి ఉండేది.

సీవీఏ-01 కథ దీనికి తోబుట్టువు. యాభై వేల టన్నులు దాటే విమానవాహక నౌక అది. 1966 ఫిబ్రవరిలో రక్షణమంత్రి డెనిస్ హీలీ శ్వేతపత్రం దాన్ని తొలగించింది. నౌకాదళ మంత్రి క్రిస్టఫర్ మేహ్యూ రాజీనామా చేశారు, నౌకాదళాధిపతి సర్ డేవిడ్ లూస్ కూడా తప్పుకున్నారు. రక్షణ ఖర్చును 1964 ధరల్లో 200 కోట్ల పౌండ్లకు పరిమితం చేయాలన్న నిర్ణయం ముందే జరిగింది. ఆ పరిధిలో నౌక ఇమడలేదు. కానీ శ్వేతపత్రంలో డబ్బు లెక్కను మించిన వాక్యం ఒకటుంది: తీరంలోని విమానాల రక్షణ పరిధికి అవతల, బలమైన శత్రువు ఎదురుగా, బ్రిటన్ ఒంటరిగా సైన్యాన్ని దించే యుద్ధానికి ఇక దిగదు అన్నది దాని సారాంశం. ప్రశ్నను రాతపూర్వకంగా ఉపసంహరించుకున్న అరుదైన సందర్భమది. ఇందులో వైమానిక దళానిదీ కొంత చేయి ఉంది. వాహక నౌక అక్కర్లేకుండా దీవుల మీద స్థావరాలు కట్టుకుంటే చాలన్న వాదనను వాళ్లు బలపరిచారు. వాటిలో ఆల్డాబ్రా అనే పగడపు దీవి ఒకటి. జీవశాస్త్రజ్ఞుల నిరసనల మధ్య, డబ్బు లేక 1967లో అదీ ఆగిపోయింది. కాగితం మీది నౌకను కాగితం మీది విమానాశ్రయం ఓడించింది. ఆ నౌకకు కాపుగా ఉండాల్సిన టైప్ 82 డిస్ట్రాయర్లలో బ్రిస్టల్ ఒక్కటే తయారై, 1973లో నౌకాదళంలో చేరింది.

ఫాక్‌లండ్స్ మాట ఇక్కడ రాక తప్పదు. 1982లో తీరానికి వేల మైళ్ల అవతల, ఒంటరిగా, బలమైన శత్రువు ఎదురుగా బ్రిటన్ దిగిన యుద్ధం అది. శ్వేతపత్రం ఇక జరగదన్నది జరిగింది. మే 4న షెఫీల్డ్ నౌకకు ఎక్సోసెట్ క్షిపణి తగిలినప్పుడు ముందస్తు హెచ్చరిక ఇచ్చే ఎగిరే రాడార్ నౌకల దగ్గర లేదు. పెద్ద వాహక నౌక ఉంటే దాని మీద గానెట్ విమానాలుండేవి. ఈ అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను, మనుషులు చనిపోయిన చోట తర్కం తడబడాల్సిందే. అయినా జరిగిన దాన్ని దగ్గరగా చూడండి. లేనిది ఎగిరే రాడార్. అది అత్యవసరం అయ్యాక సీ కింగ్ హెలికాప్టర్లకు రాడార్ తగిలించి, అదే ఏడాది ఆగస్టులో ఇలస్ట్రియస్ నౌకతో పంపగలిగారు. పదేళ్ల ముందే ఆ పని చేయకపోవడం నిజమైన తప్పు, దాన్ని యాభై వేల టన్నుల నౌక లేకపోవడంతో కలిపి చెప్పకూడదు. ఆ యుద్ధాన్ని నడిపినవి హెర్మెస్, ఇన్విన్సిబుల్ నౌకలు, వాటి మీది సీ హారియర్లు. హారియర్ పుట్టుకలోనూ ఒక రద్దు ఉంది. ధ్వనివేగాన్ని దాటే పీ.1154ను 1965 ఫిబ్రవరిలో ఆపేశారు. నౌకాదళం ఇద్దరు కూర్చునే రక్షణ విమానం అడిగింది, వైమానిక దళం ఒక్కరు కూర్చునే దాడి విమానం అడిగింది. ఒకే డిజైను మీద రెండు ప్రశ్నలు పడ్డాయి. దానికన్నా చిన్నదీ నెమ్మదైనదీ అయిన పీ.1127 మాత్రం నిలిచి హారియర్ అయింది.

ఇంకో అభ్యంతరం పరిశ్రమ వైపు నుంచి వస్తుంది: రద్దుల వల్ల నైపుణ్యం చెదిరిపోయింది, ఇంజనీర్లు అమెరికా వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లున్నారు, కాదనను. అయితే నైపుణ్యం యంత్రంతోపాటు చచ్చిపోతుందన్నది తొందరపాటు మాట. టీఎస్ఆర్-2 ఒలింపస్ ఇంజను వారసుడే కాన్‌కార్డ్‌ను ధ్వనికి రెండింతల వేగానికి తీసుకెళ్లింది. బ్రిటన్ విమానరంగం పొడవునా పతనమేనన్న కథను డేవిడ్ ఎడ్జర్టన్ 1991లో ‘ఇంగ్లండ్ అండ్ ది ఏరోప్లేన్’లో గట్టిగా ప్రశ్నించారు. ఆ దేశం యుద్ధవిమానాల మీద ఎంత డబ్బు, ఎంత ఇష్టం పెట్టిందో ఆయన చూపించాక పాత శోకగాథ అంత సులభంగా చెప్పుకోలేం.

మరి నిలబడే నష్టం ఏది? మైల్స్ ఎం.52. ఎత్తులో గంటకు వెయ్యి మైళ్ల వేగం అందుకునే ప్రయోగ విమానం కావాలని 1943లో మైల్స్ కంపెనీకి అప్పగించారు. పలుచని, పదునైన అంచుల రెక్కలు, మొత్తంగా కదిలే తోక, ఫ్రాంక్ విటిల్ ఇంజను. రెక్కల్ని ఒక ఫాల్కన్ విమానానికి, తోకను ఒక స్పిట్‌ఫైర్‌కు అమర్చి పరీక్షించారు. 1946 ఫిబ్రవరిలో దాన్ని ఆపేశారు. యుద్ధం అయిపోయింది, ఖజానా ఖాళీ, పైలట్ ప్రాణానికి ప్రమాదమన్నారు. కానీ ధ్వనివేగం దగ్గర గాలి ఏం చేస్తుందన్న ప్రశ్న యుద్ధంతో పోయిందా? పోలేదు. దానికి సాక్ష్యం ప్రభుత్వమే ఇచ్చింది: రద్దు చేసిన వెంటనే అదే ఆకారానికి రాకెట్ నమూనాలు చేయించి ప్రయోగించింది. 1947 అక్టోబరులో మొదటిది విఫలమైంది, అదే నెల 14న అమెరికాలో చక్ యేగర్ బెల్ ఎక్స్-1లో ధ్వనివేగం దాటారు. ఏడాది తరువాత 1948 అక్టోబరులో ఎం.52 నమూనా ధ్వనికి 1.38 రెట్ల వేగంతో నిలకడగా ఎగిరింది. నా హెచ్చరిక నాకూ వర్తిస్తుంది గనుక, ఎం.52 యేగర్ కంటే ముందుండేదని నేననను. రాకెట్ నమూనా విజయం, జెట్ ఇంజనుకు ఆ బలం ఉండేదని నిరూపించదు. కానీ పూర్తి పరిమాణంలో, పైలట్‌తో, కొలత పరికరాలతో నేర్చుకోగల పాఠాన్ని కోరి వదులుకున్నారు. ప్రశ్న బతికి ఉండగా జవాబును ఆపడం అంటే ఇదే. టీఎస్ఆర్-2కు జరిగే సంతాప సభల్లో నాలుగో వంతు కూడా దీనికి జరగవు.

ప్రశ్న ఎవరిదన్నది కూడా చూడాలి. ఒక దేశంలో పోయిన ప్రశ్న మరో దేశంలో నడుస్తుండవచ్చు. 1945లో నీటిలోకి దిగిన మెజెస్టిక్ తరగతి వాహక నౌకల్లో హెర్క్యులిస్, లెవయథన్ రెండూ యుద్ధం ముగిశాక అరకొరగా మిగిలాయి. 1957లో హెర్క్యులిస్‌ను భారతదేశం కొని, బెల్‌ఫాస్ట్‌లో కొత్త హంగులతో పూర్తిచేయించింది. అది 1961లో విక్రాంత్ అయి, 1971లో బంగాళాఖాతంలో తన విమానాలతో కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు చేసింది. విశాఖ తూర్పు నౌకాదళానికి ఆ యుద్ధంలో అదే ముఖ్యబలం. లెవయథన్‌కు అలాంటి ప్రశ్న ఏ దేశమూ వేయలేదు, 1968లో తుక్కయింది. ఒకే డిజైను, ఒకే స్థితి, రెండు గతులు. దీనికి తిరగబడిన ఉదాహరణ ఒలింపస్ తయారుచేసిన బ్రిస్టల్ కంపెనీ వారిదే అయిన ఆర్ఫియస్ 12 ఇంజను. బెంగళూరులో కర్ట్ టాంక్ బృందం రూపొందించిన హెచ్‌ఎఫ్-24 మారుత్‌కు ధ్వనివేగం దాటాలంటే ఆ ఇంజనే ఆధారం. బ్రిటన్‌కు దాని అవసరం తీరిపోయింది, అభివృద్ధి ఖర్చు భారతదేశం భరించలేదు, ఇంజను ఆగింది. 1961 జూన్‌లో తొలిసారి ఎగిరిన మారుత్ బలహీనమైన ఇంజన్లతోనే సేవచేసి విశ్రమించింది. లండన్ లెక్కల్లో ఆ రద్దు చిన్న పద్దు. బెంగళూరు లెక్కల్లో ఒక తరం ఇంజనీర్ల ఆశ.

ఇందుకే నా విన్నపం దస్త్రాల గురించి. టీఎస్ఆర్-2 మీద నేను చెప్పినంత వివరంగా మాట్లాడటం సాధ్యమైంది, ముప్పై ఏళ్ల గడువు నిండగానే కేబినెట్ కాగితాలు లండన్‌లో క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో చదువరులకు తెరుచుకున్నాయి కాబట్టి. మన దేశంలో 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం, 25 ఏళ్లు దాటిన ప్రభుత్వ పత్రాలను జాతీయ పత్రాగారానికి అప్పగించే ఏర్పాటు చేసింది. మారుత్ ఇంజను కోసం నడిచిన ఉత్తరాలు, దాని తరువాతి విమానం కోసం వేసిన గీతలు, ఖర్చు వద్దన్న అధికారి రాసిన కారణాలు, ఒప్పుకోని ఇంజనీరు పెట్టిన అసమ్మతి నోట్, ఇవన్నీ ఆ చట్టం పరిధిలోకి వచ్చే వయసు దాటి చాలాకాలమైంది. వాటిని విజయాల సంచికల్లో సంక్షిప్తం చేసి వదలకుండా, పూర్తిగా, కొట్టివేతలతో సహా తెరవాలని రక్షణశాఖను, బెంగళూరు సంస్థలను మన విశ్వవిద్యాలయాలు పేరుపెట్టి, ఫైలు నంబర్లతో అడగాలి. ఈ సభలో కూర్చున్న ఇంజనీరింగు విద్యార్థుల్లో ఒకరిద్దరైనా తమ పరిశోధనకు ఎగిరిన యంత్రాన్ని కాకుండా ఎగరనిదాన్ని ఎంచుకుని, ఆ దరఖాస్తు రాయాలని కోరుతున్నాను.